పక్క గదిలో పరీక్ష

పరీక్షల కాలంలో సికింద్రాబాద్‌లో ఏ డిగ్రీ కాలేజీకి వెళ్లినా, పెద్ద హాళ్లకు కాస్త ఎడంగా, ఆఫీసు పక్కనో లైబ్రరీ వెనకో ఒక చిన్న గదిలో పరీక్ష విడిగా జరుగుతూ ఉంటుంది. రెండు కుర్చీలు దగ్గరదగ్గరగా వేసి ఉంటాయి. ఒకరు మెల్లగా చెబుతుంటారు, ఒకరు గబగబా రాస్తుంటారు. మూడో మనిషి ఇన్విజిలేటర్. చూపు లేనివారు, చేయి స్వాధీనంలో లేనివారు తమకు తెలిసింది ఇంకొకరి చేత రాయించుకునే ఆనవాయితీ ఇది. ఇప్పుడు స్క్రైబ్ అంటున్నారు, మా రోజుల్లో రైటర్ అనేవాళ్లం.

ఈ ఊరి చరిత్రలో రాయదగినవి చాలావరకు ఎవరో ఒకరు రాశారు. 1806లో సికందర్ జా పేరు మీద ఊరు వెలిసిన సంగతి, 1893 ఫిబ్రవరిలో మహబూబ్ కాలేజీలో వివేకానందుడు మాట్లాడిన సంగతి, 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ చిన్న గది గురించి మాత్రం ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. ఇంటర్ చదివేటప్పుడు రైటర్‌గా, ఆ తర్వాత ఎకనామిక్స్ లెక్చరర్‌గా ఆ గదిని లోపలి నుంచీ బయటి నుంచీ చూసినదాన్ని కాబట్టి, నాకు తెలిసినంత మేర చెబుతాను.

1980ల మొదట్లో మాది చిలకలగూడ రైల్వే క్వార్టర్స్. నాన్న రైల్ నిలయంలో క్లర్కు. మా వెనక లైన్లో ఒక అన్న ఉండేవాడు, బి.ఏ. చదువుతున్నాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. వాళ్లమ్మ ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, "వదినా, మీ అమ్మాయి రాత ముత్యాల్లా ఉంటదంట గదా. మావాడి పరీక్షలు రాసిపెడతదా?" అని అడిగింది. మా అమ్మ నన్ను అడక్కుండానే సరే అనేసింది.

నేను సరే అంటే సరిపోదని తర్వాత తెలిసింది. రైటర్ అభ్యర్థి కంటే చిన్న తరగతి చదువుతూ ఉండాలి, ఆ సబ్జెక్టు చదివి ఉండకూడదు. నా కాలేజీ నుంచి బోనఫైడ్, ఫోటో మీద ప్రిన్సిపాల్ స్టాంపు, ఆ పైన పరీక్షా కేంద్రంలో చీఫ్ సూపరింటెండెంట్ సంతకం కావాలి. ఇవన్నీ ఆ అన్నే తిరిగి తెచ్చుకోవాలి. తనకు చూపు లేదని, నాకు పొలిటికల్ సైన్స్ రాదని రుజువు చేసే కాగితాల కోసం పరీక్షల ముందు వారమంతా అతను కర్ర పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తోటి విద్యార్థులు ఆ వారం చదువుకున్నారు. ఈ తేడాని ఏ మార్కుల జాబితా చూపించదు.

పరీక్షకు ముందు కొన్ని సాయంత్రాలు వాళ్ల వరండాలో కూర్చోబెట్టి నాకు పని నేర్పాడు. ప్రశ్నపత్రం మొదట పై నుంచి కింది దాకా, సూచనలతో సహా, ఆగకుండా చదవాలి. తర్వాత ఒక్కో ప్రశ్నా మళ్లీ చదవాలి. ఏవి రాయాలో ఎంచుకునేది అతను. సైడ్ హెడింగ్ అంటే గీత గీయాలి, పేరా అంటే లైను వదలాలి. పేజీ తిప్పే ముందు ఆఖరి వాక్యం చదివి వినిపించాలి. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇదీ: "నేను చెప్పిందే రాయమ్మా. తప్పని తెలిసినా దిద్దొద్దు. రాసేది నువ్వే గానీ పాసయ్యేది, ఫెయిలయ్యేది నేను."

పరీక్ష గదిలో అతని చెవి నా పెన్ను మీదే ఉండేది. నిబ్బు చప్పుడు ఆగితే నేను వాక్యం పూర్తి చేశానని గ్రహించి తర్వాతిది అందుకునేవాడు. చప్పుడు తడబడితే, అడక్కుండానే ఆ మాటను అక్షరం అక్షరం విడగొట్టి చెప్పేవాడు. చేతికి బ్రెయిలీ వాచీ ఉండేది. అద్దం మూత పైకి లేపి, ముళ్లు తడిమి, "ఇంకా నలభై నిమిషాలుంది, రెండు ప్రశ్నలు" అనేవాడు. అతను చెప్పే వేగాన్ని నా చేయి ఎప్పుడూ అందుకోలేదు. తెలిసిన జవాబు నోట్లో సిద్ధంగా ఉండి కాగితం మీదికి చేరకపోవడం ఎలాంటిదో అదనపు సమయం మంజూరు చేసే అధికారులు ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని చూడాలని నాకు అప్పుడే అనిపించింది. అప్పట్లో ఆ అదనపు సమయమూ ఒక్కోచోట ఒక్కోలా ఉండేది.

అంత చదువు అతను ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడన్నది ఇంకో కథ. లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల లిపిని ఫ్రాన్సులో 1824 నాటికే రూపొందించాడు. మన దేశంలో చాలాకాలం ఒక్కో ప్రాంతంలో ఒక్కో పద్ధతి నడిచింది. 1951లో భారతీ బ్రెయిలీ పేరుతో అన్ని భాషలకూ ఉమ్మడి పద్ధతి కుదిరాకే తెలుగుకు ఒక స్థిరమైన చుక్కల లిపి దక్కింది. పలక మధ్య దళసరి కాగితం బిగించి, సూదితో కుడి నుంచి ఎడమకు పొడుచుకుంటూ పోవాలి. కాగితం తిప్పితే అవి ఉబ్బెత్తు చుక్కలై ఎడమ నుంచి కుడికి వేళ్లకు తగులుతాయి. మన రాతలో ఒత్తు అక్షరం కిందికి దిగుతుంది, అక్కడ దిగదు. "అమ్మ" అని రాయాలంటే అ తర్వాత నాలుగో చుక్క ఒకటి పొడిచి, రెండు మ లు పక్కపక్కనే పెట్టాలి. గుణింతమైనా అంతే, హల్లు తర్వాత అచ్చు వరసలో వచ్చి చేరుతుంది. అందుకే తెలుగు వాక్యం బ్రెయిలీలో బారెడు పొడవవుతుంది, చిన్న పుస్తకం కూడా కట్టలు కట్టలవుతుంది.

బడి పుస్తకాలైతే బ్రెయిలీలో కొన్ని దొరికేవి. డిగ్రీకి వచ్చేసరికి దారి మూసుకుపోయేది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. ఎంతోమంది పల్లెటూరి పిల్లలకు అవి ప్రాణం పోశాయి. చూపు లేనివాళ్లకు మాత్రం వాటిని ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. ఆ ఎవరో ఒకరు తమ్ముడు కావచ్చు, హాస్టల్ రూమ్మేటు కావచ్చు, పక్కింటి రిటైర్డ్ మాస్టారు కావచ్చు. వింటూ, ముఖ్యమైనవి పలక మీద పొడుచుకునేవారు. ఈ చదివిపెట్టేవాళ్లు లేకుండా ఆ తరంలో చూపు లేని ఒక్క పట్టభద్రుడు కూడా తయారయ్యేవాడు కాదని నేను నమ్ముతాను.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. నేను లెక్చరరయ్యాక మా డిపార్ట్‌మెంటులో వంతులు వేసుకుని పాఠాలు చదివి రికార్డు చేసేవాళ్లం. క్యాసెట్ మొదట్లో పుస్తకం పేరు, అధ్యాయం, పేజీ చెప్పాలి. పట్టిక వస్తే వరస ప్రకారం చదవాలి. ఫ్యాను ఆపాలి, లేకపోతే గాలి చప్పుడు పాఠాన్ని మింగేస్తుంది. ఏప్రిల్ నెలలో ఫ్యాను లేకుండా "క్షీణోపాంత ప్రయోజన సూత్రం" చదవడం ఎంత ఉక్కగా ఉండేదో ఇప్పటికీ గుర్తే. ఒకరి పుస్తకాన్ని ఇలా వేరే రూపంలోకి మార్చుకోవడానికి మన కాపీరైట్ చట్టంలో వికలాంగుల కోసం స్పష్టమైన వెసులుబాటు 2012 సవరణతో గానీ రాలేదు. అలాంటి ప్రతులు దేశాల మధ్య కూడా చేతులు మారేలా 2013లో మర్రకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

క్యాసెట్ వల్ల కాని పని ఒకటుండేది. బొమ్మలు. ఎకనామిక్స్ అంటేనే గీతలు. "డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతుంది" అని నేను చదివేశాను. మా క్లాసులో చూపు లేని అమ్మాయి ఒకతె, మర్నాడు స్టాఫ్ రూముకొచ్చి, "మేడమ్, వాలడమంటే ఎట్లుంటది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఉన్న సైకిలు ట్యూబు ముక్కను కోసి బల్ల మీద పరిచి, దాని మీద దళసరి కాగితం పెట్టి, రీఫిలు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి గీశాను. గీత కాగితం అవతలి వైపు ఉబ్బుతుంది కాబట్టి బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి గీయాలి. ధర నిలువు అక్షం, పరిమాణం అడ్డ అక్షం, మధ్యలో రేఖ. ఆమె చూపుడువేలు పై నుంచి కిందికి జారింది. రెండోసారి కింది నుంచి పైకి పోయింది. "ఓ, ధర ఎక్కితే కొనేది తగ్గిపోతదన్నది గిట్ల ఏలితోనే తెలుస్తుంది మేడమ్" అంది. ఆ తర్వాత సప్లై రేఖను నేను చెప్పకముందే గాలిలో వేలితో గీసి చూపించింది. బోర్డు ముందు నిలబడి చాక్‌పీసుతో "ఇది ఇక్కడికొస్తే అది అక్కడికి పోతుంది" అనే అలవాటు నేను ఆమె వల్లే మానుకున్నాను.

ఈ బొమ్మల అడ్డంకినే చూపి ఇక్కడ చూపు లేని పిల్లల్ని ఏళ్ల తరబడి సైన్సు గుమ్మం దగ్గర ఆపేశారు. కంటి డాక్టర్ సాయిబాబా గౌడ్ 1990ల మొదట్లో పెట్టిన దేవనార్ అంధుల పాఠశాల బేగంపేటలో ఉంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురం నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్ అక్కడ చదువుకున్నారు. పదో తరగతి అయ్యాక లెక్కలు, సైన్సు తీసుకుంటానంటే అప్పటి నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకెక్కి అనుమతి తెచ్చుకున్నారు. 98 శాతం మార్కులతో పాసై, అమెరికాలో ఎంఐటీలో సీటు సంపాదించారు. 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరు తమ కాలేజీ ల్యాబులో చూపు లేని విద్యార్థికి ఏ ఏర్పాటుందో వెళ్లి చూశారన్నది నా ప్రశ్న. ఒక కుర్రవాడు కోర్టుకు వెళ్లి గెలిస్తే అది అతని గొప్పతనం. వెళ్లాల్సి రావడం మాత్రం మనందరి లోపం.

చూపు సంగతే చెబుతున్నాను గానీ, 1980, 90ల్లో మా క్లాసుల్లో ఎక్కువగా కనిపించింది పోలియో వచ్చిన పిల్లలు. కాలికి ఇనుప క్యాలిపర్, చంకలో కర్ర. ఆర్టీసీ బస్సు మెట్టెక్కి, దిగి, కాలేజీకొస్తే క్లాసు రెండో అంతస్తులో. ర్యాంపు, లిఫ్టు అన్న మాటలు అప్పుడు వినలేదు. మా ప్రిన్సిపాల్ ఒకరు ఒకే ఒక్క కాగితం రాసి ఆ సెక్షన్ మొత్తాన్ని కింది అంతస్తుకు మార్చారు. ర్యాంపుకు నిధులు కావాలి, టైంటేబుల్ మార్చడానికి ఇష్టం ఉంటే చాలు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. క్యాలిపర్లు క్లాసుల్లోంచి వెళ్లిపోయాయి. ఇది నేను కళ్లారా చూసిన మంచి మార్పు.

చట్టం ఈ దారిలో ఆలస్యంగా వచ్చింది. చూపు లేనివారు సివిల్ సర్వీసుల పరీక్షను బ్రెయిలీలో గానీ స్క్రైబ్ సాయంతో గానీ రాయనివ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 1993లో. జాతీయ అంధుల సమాఖ్య వేసిన కేసు అది. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు ఇచ్చింది. సీటు దొరికింది, లోపలికొచ్చాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆ చిన్న గదికి దేశమంతటికీ ఒకే తీరు నియమాలు రావడానికి 2013 ఫిబ్రవరి 26 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు నేను ప్రింటు తీసి స్టాఫ్ రూము గోడకు అంటించాను. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. స్క్రైబ్‌ను విద్యార్థే తెచ్చుకోవచ్చు, లేదా పరీక్ష పెట్టేవాళ్లను అడగొచ్చు. స్క్రైబ్‌కు ఇంత చదువు ఉండకూడదు, ఇన్ని మార్కులు మించకూడదు అనే ఆంక్షలు పెట్టకూడదు.

ఆ ఆంక్షలు ఎత్తేశారని చదివినప్పుడు మా వెనక లైను అన్న గుర్తొచ్చాడు. వాటి పునాది అనుమానం. చూపు లేనివాడు మోసం చేస్తాడన్న అనుమానం, తెలిసినవాడు రాస్తే జవాబు అతనిదే అవుతుందన్న అనుమానం. 2018లో సవరించిన మార్గదర్శకాలు ఆ అనుమానాన్ని కొంతవరకు వెనక్కి తెచ్చాయి. విద్యార్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నారు. పరీక్షలో మోసం జరక్కుండా చూడాలి, కాదనను. దానికి ఇన్విజిలేటర్ ఉన్నారు, కెమెరా ఉంది. సబ్జెక్టు మాటలు ఎప్పుడూ వినని పిల్ల చేత ఎం.ఏ. జవాబు రాయిస్తే నష్టపోయేది నిజాయతీగా చదివిన విద్యార్థే. నా రాతలో ఎన్ని పారిభాషిక పదాలు పాడై ఉంటాయో ఆ పేపర్లు దిద్దినవాళ్లకే తెలియాలి.

2016లో వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమలైన కొత్త చట్టం 21 వైకల్యాలను గుర్తించింది, ఉన్నత విద్యలో సీట్లను 5 శాతం చేసింది. పాత చట్టంలో ఉన్నవి ఏడే. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్‌లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు చట్టం దృష్టికి వచ్చింది అప్పుడే. అంతకు ముందు అలాంటి పిల్లల్ని మేమంతా బద్ధకస్తులనే అనుకున్నాం. చేయి వంకర్లు పోయి పెన్ను నిలవని వికాస్ కుమార్ అనే అభ్యర్థి యూపీఎస్సీ మీద వేసిన కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకో మెట్టు ఎక్కించింది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ లేకపోయినా, రాయడంలో నిజంగా ఇబ్బంది ఉంటే స్క్రైబ్‌ను ఇవ్వాల్సిందేనని, అది దయ కాదు హక్కని తేల్చింది. వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్లో శాతం తక్కువ పడి నీళ్లు కారే కళ్లతో మా ఆఫీసు బయట నిలబడ్డ పిల్లల్ని చూసినదాన్ని కాబట్టి, ఆ తీర్పు విలువ నాకు తెలుసు.

ఈ ఊరికి ఒక ప్రత్యేకత ఉంది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ 1984 నుంచి నడుస్తోంది. దేశం నలుమూలలకూ స్పెషల్ ఎడ్యుకేటర్లను తయారుచేసి పంపింది. వినికిడి లోపం ఉన్నవారి జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రమూ ఆ నగర్‌లోనే ఉంది. డాక్టర్ హనుమంతరావు పెట్టిన స్వీకార్ ఉపకార్ 1977 నాటిది. కరీంనగర్ రోడ్డు పట్టుకుని శామీర్‌పేట దాకా వెళ్తే నల్సార్ లా యూనివర్సిటీ. దేశంలో భవనాలు, రోడ్లు, సేవలు వికలాంగులకు ఎంతవరకు అందుతున్నాయో చెప్పమని సుప్రీంకోర్టు అక్కడి వైకల్య అధ్యయన కేంద్రాన్ని అడిగింది. ఆ నివేదికను ముందు పెట్టుకునే 2024 నవంబర్ 8న, అందుబాటు ప్రమాణాలు తప్పనిసరి చేయాలని తీర్పు చెప్పింది. ఇంత విద్య చుట్టూ పెట్టుకుని కూడా, నేను పనిచేసిన కాలేజీ స్టాఫ్ మీటింగుకు ఆ సంస్థల వాళ్లలో ఒక్కరిని పిలిచి, "మా క్లాసులో చెవులు వినపడని అమ్మాయి ఉంది, పాఠం ఎట్లా చెప్పాలి?" అని అడిగిన గుర్తు నాకు లేదు.

ఇప్పటి పిల్లలకు క్యాసెట్లు అక్కర్లేదు. ఫోను చదివి వినిపిస్తుంది, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయలో పుస్తకాలున్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు సగం కష్టం తీరింది. తెలుగులో చదివేవారి కష్టం వేరే రూపంలో అలాగే ఉంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, మన పుస్తకాలు ఏళ్ల తరబడి పాత ఫాంట్లలో కంపోజయ్యాయి. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరసపెట్టి చదువుతుంది. ఇక నోట్సంటే వాట్సాప్‌లో పెట్టే ఫోటోలే. కాస్త ఒంకరగా తీసిన చేతిరాత ఫోటోను యంత్రాలు తరచూ తప్పుగానే చదువుతాయి. 1980లో తమ్ముణ్ని బతిమాలుకున్న విద్యార్థికీ, ఇవాళ స్మార్ట్‌ఫోన్ చేతిలో పెట్టుకుని "ఈ పేజీ కాస్త చదివిపెట్టవా" అని రూమ్మేటును అడిగే విద్యార్థికీ మధ్య తెలుగు పుస్తకం విషయంలో పెద్ద దూరం లేదు.

స్క్రైబ్ వెతుకులాటా అంతే. పరీక్షలు దగ్గరపడగానే ఆ భారం ఇప్పటికీ విద్యార్థి నెత్తినే పడుతోంది. తెలిసినవాళ్లకు ఫోన్లు, గ్రూపుల్లో మెసేజీలు. ఒప్పుకున్న పిల్లకు ముందురోజు జ్వరమొస్తే ఏడాది పోయినట్టే. స్క్రైబ్‌ల జాబితాలు తయారు చేసి ఉంచుకోవాలని మార్గదర్శకాల్లోనే ఉంది. కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్ హాల్ టికెట్ ఇచ్చేటప్పుడే స్క్రైబ్ పేరు కూడా చేతిలో పెట్టాలి. అడ్మిషన్ రోజే ఏమేం ఏర్పాట్లు కావాలో అడిగి ఫైలులో రాసుకుంటే, పరీక్షల ముందు వారం ఆ విద్యార్థి కూడా అందరిలాగా చదువుకుంటాడు. ఇందులో ఖర్చయ్యేది దాదాపు ఏమీ లేదు.

చదివేవారికి ఒక మనవి. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే, ఫిబ్రవరిలోపే మీ దగ్గరి డిగ్రీ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లి స్క్రైబ్‌గా పేరు ఇప్పించండి. బోనఫైడ్, ఫోటోలు, ఐడీ కార్డు జిరాక్స్ ఉంటే ఇంచుమించు పని అయిపోతుంది. నాలాంటి రిటైరైనవాళ్లు నిబంధనల ప్రకారం డిగ్రీ పరీక్షలు రాసిపెట్టలేరు గానీ, ఒక తెలుగు పాఠ్యపుస్తకంలో ఒక్క అధ్యాయాన్ని యూనికోడ్‌లో టైపు చేసి, తప్పులు దిద్ది, బొమ్మలకు మాటల్లో వివరణ రాసి ఆ కాలేజీ లైబ్రరీకి ఇవ్వగలరు. నేను ఎకనామిక్స్ మొదటి సంవత్సరం పుస్తకంతో మొదలుపెట్టాను. మిగతా సబ్జెక్టులకు మనుషులు కావాలి.